వసంతమే విడదీస్తే: జపాను వీడ్కోలు పాటల మీద ఒక ప్రసంగం

సభకు నమస్కారం.

జపాను వాళ్ళు వసంతకాలంలో పాడుకునే వీడ్కోలు పాటల గురించీ, ప్రేమ చెదిరిన పాటల గురించీ మాట్లాడమని నన్ను అడిగారు. ఈ రెండింటినీ ఒకే ప్రసంగంలో కలిపి అడగడం నాకు సంతోషం కలిగించింది. ఎందుకంటే ఆ దేశపు పాటల్లో ఇవి రెండూ ఎక్కడ విడిపోతాయో చెప్పడం చాలా సందర్భాల్లో కష్టం. బడి వదిలి వెళ్ళే పిల్లల పాట మొదలుపెట్టి వింటూ పోతే అది ప్రేమపాటగా తేలుతుంది. ప్రేమపాట అనుకుని విన్నది అక్కడి బడుల్లో ఏటా పిల్లలంతా కలిసి పాడుకునే పాటగా తేలుతుంది.

మన ప్రబంధాలు చదివినవారికి వసంతమూ విరహమూ కలిసి రావడం కొత్త సంగతి కాదు. వసుచరిత్రలో గిరిక పడిన వేదన మీలో చాలామందికి గుర్తుండే ఉంటుంది. వసంతం వచ్చిందంటే విరహిణికి కోకిల కూత పడదు, మలయమారుతం పడదు, వెన్నెల అసలే పడదు. చంద్రుణ్ణీ మన్మథుణ్ణీ నిలబెట్టి నిందించడం మన కవులకు ఒక సంప్రదాయమే అయింది. అయితే అక్కడ నాయికానాయకుల్ని విడదీసినది మరేదో ఉంటుంది. వసంతం వచ్చి ఆ ఎడబాటును భరించలేనిదిగా చేస్తుంది. జపాను పాటల్లో విడదీసేది వసంతమే. మార్చి నెల వస్తుంది, ఇద్దరిలో ఒకరు వెళ్ళిపోవాలి. ఎవరూ తప్పు చేయలేదు, ఎవరూ మోసం చేయలేదు, పెద్దలు అడ్డుపడలేదు. నిందించడానికి మనిషి లేని ఎడబాటు అది. ఆ పాటల గొంతులో కోపం ఎందుకంత తక్కువో, దాని చోట ఏముందో ఈ పూట మీతో కలిసి చూడాలని నా ఉద్దేశం.

ముందు ఆ దేశపు సంవత్సరం ఎలా తిరుగుతుందో చెప్పాలి, లేకపోతే పాటలు సగమే అర్థమవుతాయి. జపానులో ప్రభుత్వ ఆర్థిక సంవత్సరం 1886 నుంచి ఏప్రిల్ 1న మొదలవుతోంది. బడులు క్రమంగా ఆ లెక్కలోకి వచ్చాయి. సెప్టెంబరులో తరగతులు మొదలుపెట్టే ఇంపీరియల్ విశ్వవిద్యాలయాలు కూడా 1921లో ఏప్రిల్‌కు మారాయి. మనకూ ఆర్థిక సంవత్సరం ఏప్రిల్ 1నే మొదలవుతుంది గాని, మన బడులు జూన్‌లో తెరుస్తారు, ఉద్యోగాలు ఎప్పుడు వస్తే అప్పుడే చేరతాం, బదిలీలు ఏడాది పొడుగునా జరుగుతుంటాయి. అక్కడ అన్నీ ఒక్కచోట కుప్పపడతాయి. మార్చిలో బడులూ కళాశాలలూ పట్టాలిచ్చి పంపేస్తాయి. ఏప్రిల్ 1న కంపెనీలు కొత్తవాళ్ళందరినీ ఒకేసారి చేర్చుకుని స్వాగత సభలు జరుపుతాయి. పాత ఉద్యోగుల బదిలీలు కూడా ఎక్కువగా అప్పుడే. దేశం మొత్తం రెండు మూడు వారాల్లో ఇళ్ళు మారుతుంది. ఆ రోజుల్లో సామాన్లు మోసే లారీ దొరకడమే కష్టం.

సరిగ్గా ఆ రెండు మూడు వారాల్లోనే తోక్యోలో చెర్రీ చెట్లు పూస్తాయి. అక్కడ ఎక్కువగా కనిపించే సోమెయ్ యోషినో అనే రకం అంతా అంట్లు కట్టి పెంచినది. ఒక చెట్టుకూ మరొక చెట్టుకూ జన్యువుల్లో తేడా ఉండదు గనుక ఒక ఊరి చెట్లన్నీ దాదాపు ఒకేసారి పూసి ఒకేసారి రాలిపోతాయి. తోక్యోలో యాసుకుని మందిరం ఆవరణలో ఉన్న నమూనా చెట్టు మీద ఐదారు పూలు విచ్చుకుంటే వాతావరణ శాఖ అధికారికంగా పూత మొదలైనట్టు ప్రకటిస్తుంది. అక్కడి నుంచి నిండుగా పూయడానికి వారం రోజులు, ఆ తరువాత గాలివానను బట్టి మరికొన్ని రోజులు, అంతే. పాటలు విని మనం పట్టాల సభ రోజునే పూలు రాలుతుంటాయని ఊహించుకుంటాం. నిజానికి చాలా బడుల్లో ఆ సభ మార్చి మధ్యలోనే అయిపోతుంది, అప్పటికి కొమ్మలకు మొగ్గలే ఉంటాయి. ఉత్తరాన హొక్కైదోలోనైతే పూలు ఏప్రిల్ చివర గాని రావు. విడిపోయిన రోజుకూ కొత్త చోట చేరిన రోజుకూ మధ్య ఉన్న ఖాళీలో, పాతది పోయి కొత్తది ఇంకా రాని వారంలో, ఆ పూలు పూస్తాయి. పాటల్లో ఆ పూలకున్న బలం అక్కడి నుంచి వచ్చిందని నేను అనుకుంటాను.

ఈ భావం బడులతో పుట్టింది కాదు. 905 ప్రాంతంలో చక్రవర్తి ఆజ్ఞతో సంకలనం చేసిన కొకిన్‌షూ అనే ఇరవై సంపుటాల పద్య సంకలనంలో వసంతానికి రెండు సంపుటాలు, వీడ్కోలుకు ఒకటి, ప్రేమకు ఐదు కేటాయించారు. ఆ ఐదు ప్రేమ సంపుటాల్లో చివరిదాని మొదటి పద్యం అరివర నో నరిహిర రాసినది. అతను తొమ్మిదో శతాబ్దపు రాజవంశీకుడు, కవి, ప్రేమికుడిగా పేరు మోసినవాడు. ఒక భవనపు పడమటి భాగంలో ఉండే స్త్రీని ప్రేమించాడు. ఆమె మొదటి మాసంలో, అంటే చాంద్రమానం ప్రకారం వసంతం తొలినాళ్ళలో, అతను వెళ్ళి కలుసుకోలేని చోటికి మారిపోయింది. మరుసటి ఏడు అదే మాసంలో, ప్లమ్ జాతి పూలు విరగబూసిన రాత్రి, అతను ఆ ఖాళీ ఇంటికి వెళ్ళాడు. నిలబడి చూశాడు, కూర్చుని చూశాడు, నిరుటిలా ఏదీ కనిపించలేదు. ఏమీ పరచని కటిక నేల మీద చంద్రుడు వాలిపోయేదాకా పడుకుని ఒక పద్యం చెప్పాడు. ఈ చంద్రుడు ఆ చంద్రుడు కాడా, ఈ వసంతం ఆనాటి వసంతం కాదా, నేనొక్కణ్ణే మునుపటి నేనుగా మిగిలానా అని దాని సారం. మన విరహిణి చంద్రుణ్ణి తిడుతుంది. ఇతను చంద్రుణ్ణి నువ్వు నువ్వేనా అని అడుగుతున్నాడు. పదకొండు వందల ఏళ్ళ తరువాత రికార్డుల మీద వచ్చిన వసంత గీతాల్లో నాకు మళ్ళీ మళ్ళీ వినపడేది ఈ ప్రశ్నే.

ఇక ఆధునిక కాలానికి వద్దాం. మెయిజీ చక్రవర్తి కాలపు ప్రభుత్వం పిల్లలకు సంగీతం నేర్పాలని తలపెట్టి, ఇసావా షూజి అనే విద్యావేత్త ఆధ్వర్యంలో ఒక కార్యాలయం పెట్టి, 1880లో బోస్టన్ నుంచి లూథర్ వైటింగ్ మేసన్ అనే సంగీతోపాధ్యాయుణ్ణి పిలిపించింది. ఆ ప్రయత్నంలో 1881లో తయారైన బడి పాటల పుస్తకంలో ఒక స్కాట్లాండు వరసకు జపాను మాటలు కూర్చారు. అదే ఇవాళ హోతరు నో హికరి, అంటే మిణుగురుల వెలుగు. దీపానికి నూనె లేని పేద విద్యార్థులు ఒకరు మిణుగురుల వెలుగులో, మరొకరు కిటికీ పక్క మంచు వెలుగులో చదువుకున్నారనే చైనా కథతో ఆ పాట మొదలై, అలా చదువుతూ ఉండగానే ఏళ్ళు గడిచి ఈ ఉదయం తలుపు తెరుచుకుని విడిపోతున్నాం అన్న చోటికి వస్తుంది. చివరి రెండు చరణాలు దేశ సరిహద్దుల గురించినవి; వాటిని ఇప్పుడు పాడరు.

ఇక్కడ మన సంగీతం తెలిసినవారికి ఒక మాట. ఆ స్కాట్లాండు వరసలో మధ్యమమూ నిషాదమూ లేవు. స రి గ ప ద, అంటే మన మోహన రాగ స్వరస్థానాలే. జపాను వాళ్ళ చెవికి కూడా అయిదు స్వరాల వరసలు అలవాటైనవి కావడంతో ఆ పాట వాళ్ళకు పరాయిదిగా తోచలేదు. ఈ సభలో వీణో వయొలినో చేతపట్టినవారు ఎవరైనా దాన్ని ఒక్కసారి వింటే స్వరాలు రాసుకోగలరు. మోహనలో మనం ఉల్లాసాన్ని ఎక్కువగా వింటాం. ఆ స్వరాలే నెమ్మదిగా, సమష్టిగా, ఆగి ఆగి పాడినప్పుడు ఎంత దిగులు మోయగలవో ఆ పాట చూపిస్తుంది. ఇవాళ జపాను దుకాణాల్లో మూసే వేళకు వినిపించేది కూడా ఆ వరసే అనుకుంటారు గాని, అక్కడ సాధారణంగా వేసేది దాన్నే మూడు మాత్రల నడకలోకి మార్చిన రూపం. వాటర్లూ బ్రిడ్జ్ అనే అమెరికన్ సినిమా 1949లో జపానులో విడుదలైనప్పుడు, అందులోని వీడ్కోలు నృత్య సన్నివేశాన్ని బట్టి కొసెకి యూజి అనే స్వరకర్త కూర్చిన వాల్ట్జ్ అది.

ఆ తరానిదే మరొక పాట 1884 నాటి అఒగెబా తోతోషి, గురువుల రుణాన్ని తలచుకునే పాట. దాని పుట్టుక చాలాకాలం అంతుచిక్కలేదు. 1871లో అమెరికాలో అచ్చయిన ఒక పాటల పుస్తకంలో, బడి ముగిసే రోజున పాడే పాటగా అదే వరస ఉందని జపాను పరిశోధకుడొకరు 2011లో కనుగొన్నారు. పుట్టిన దేశంలో ఎవరికీ గుర్తులేని వరసను మరొక దేశం నూటపాతిక ఏళ్ళకు పైగా ఏటా మార్చిలో పాడుకుంటూ వచ్చింది.

ఈ రెండు పాత పాటలను చాలా బడుల్లో పక్కకు జరిపిన పాట ఒక కొండ ప్రాంతపు మాధ్యమిక పాఠశాలలో పుట్టింది. సైతమా ప్రిఫెక్చర్, అంటే మన రాష్ట్రం లాంటి పాలనా విభాగం, అందులోని చిచిబు పట్టణంలో ఉన్న కగెమోరి పాఠశాల అది. 1991లో అక్కడి ప్రధానోపాధ్యాయుడు కొజిమా నొబొరు, వెళ్ళిపోతున్న పిల్లల కోసం మాటలు రాశాడు, ఆ బడి సంగీతోపాధ్యాయిని వరస కట్టింది. ఆ ఏడు పిల్లల ముందు ఉపాధ్యాయులే నిలబడి ఆ పాట పాడారు; ఒకే ఒక్కసారి పాడడానికి చేసుకున్న పాట అది. తరువాత ఒక బడి నుంచి మరొక బడికి, సంగీతం చెప్పేవాళ్ళ చేతుల మీదుగా దేశమంతా పాకింది. తబిదాచి నో హి ని, అంటే ప్రయాణమై వెళ్ళే రోజున, అనే ఆ పాటలో గురువు రుణం ప్రస్తావన లేదు, కొండల వరసల మీది వెలుగూ రెక్కలు చాచే ఆశా స్నేహితుల మధ్య నవ్వూ ఉన్నాయి. వెళ్ళేవాళ్ళు పెద్దలకు మొక్కే పాట పోయి, ఉండిపోయేవాళ్ళు వెళ్ళేవాళ్ళకు ఇచ్చే పాట ఆ స్థానంలోకి వచ్చింది.

ఇప్పుడు రైల్వే స్టేషన్‌కు వెళ్దాం. యుద్ధం తరువాతి జపానులో వీడ్కోలు అంటే ప్లాట్‌ఫారమే. 1954 నుంచి 1975 వరకు ప్రతి వసంతంలోనూ ఈశాన్య ప్రాంతపు పల్లెల నుంచి మాధ్యమిక పాఠశాల అప్పుడే దాటిన పిల్లలను గుంపులుగా ప్రత్యేక రైళ్ళలో తోక్యో ఉఎనొ స్టేషన్‌కు తెచ్చి ఫ్యాక్టరీల్లోనూ దుకాణాల్లోనూ చేర్చేవారు. వాళ్ళను బంగారు గుడ్లు అని పిలిచేవారు. 1964లో ఇజవా హచిరో పాడిన ‘ఆఁ ఉఎనొ ఎకి’, అంటే ‘ఆహా ఉఎనొ స్టేషన్’, అనే పాట ఆ పిల్లలది. అది ప్రేమపాట కాదు గాని, తరువాతి ప్రేమపాటలన్నిటికీ నేల అదే: ఒకరు రైలెక్కుతారు, ఒకరు ఊళ్ళో ఉంటారు, మధ్యలో నగరం ఉంటుంది.

ఆ నేల మీద లేచిన పాటల్లో నన్ను ఎక్కువగా పట్టుకున్నది నగోరి యుకి. వసంతంలో వెనకబడి మిగిలిన మంచు అని ఆ పేరుకు అర్థం. ఇసె షోజో అనే గాయకుడు 1974లో తన బృందం కగుయహిమె కోసం రాశాడు. 1975లో ఇరుకా అనే గాయని పాడిన తరువాత దేశమంతా తెలిసింది. ఇందులో వెళ్ళేది అమ్మాయి, అదీ తోక్యో నుంచి బయటికి. అతను పక్కన నిలబడి గడియారం చూసుకుంటూ ఉన్నాడు. కాలం కాని కాలంలో మంచు పడుతోంది. తోక్యోలో నేను చూసే మంచు ఇదే ఆఖరు అని ఆమె అంటుంది. రైలు కదలడం మొదలవగానే కిటికీ అద్దానికి ముఖం ఆనించి ఏదో చెప్పబోతుంది. ఆ పెదవులు వీడ్కోలు మాటగా కదులుతాయేమోనన్న భయంతో అతను తలదించుకుంటాడు. ఆమె ఏమన్నదో పాటలో లేదు, ఎందుకంటే అతను చూడలేదు. ఆమె వెళ్ళిన ప్లాట్‌ఫారం మీద మంచు పడుతూ, పడగానే కరుగుతూ ఉంటుంది.

పల్లవి దగ్గర అతను ఒప్పుకునే సంగతి చూడండి: వసంతం వచ్చాక నువ్వు అందంగా అయ్యావు, నిరుటికంటే చాలా అందంగా. కాలం ఎంత గడుస్తున్నా ఆమె ఎదుగుతోందని గుర్తించని కుర్రవాడు, పక్కనున్న మనిషి పెద్దదైపోయిందని రైలు వచ్చే క్షణంలో తెలుసుకుంటాడు. నరిహిర తానొక్కడే మారలేదని బాధపడ్డాడే, ఇతనిదీ ఆ బాధే. పాటలో మాటల ప్రకారం చోటు తోక్యో అయినా, రాసినప్పుడు ఇసె మనసులో ఉన్నది తన సొంత ఊరు, ఒఇతా ప్రిఫెక్చర్‌లోని త్సుకుమి స్టేషన్. ఇవాళ ఆ స్టేషన్‌లో రైలు వచ్చేముందు ఈ పాట వరసే వినిపిస్తారు.

అదే 1975 చివర్లో ఓతా హిరోమి పాడిన పాట మొమెన్ నో హంకచీఫు, నూలు చేతిరుమాలు. మాటలు మత్సుమొతో తకాషి, వరస త్సుత్సుమి క్యోహేయ్. ఈ జంట పేర్లు గుర్తుపెట్టుకోండి, మళ్ళీ వస్తాయి. ఇది ఉత్తరాల పాట. నాలుగు చరణాలు, ప్రతి చరణంలో మొదటి సగం అతనిది, రెండో సగం ఆమెది. అతను తూర్పుకు పోయే రైలెక్కుతూ, నగరంలో నీకు కానుక వెతికి తెస్తానంటాడు. నాకేమీ వద్దు, నగరపు రంగు అంటకుండా తిరిగి రా అని ఆమె అంటుంది. ఆర్నెల్లకు అతను ఫ్యాషన్ ఉంగరం పంపుతాడు. ఏ రత్నమూ నీ ముద్దులా మెరవదని ఆమె జవాబు. తరువాత సూటు వేసుకున్న ఫొటో పంపి, నువ్వింకా పెదవులకు రంగు వేసుకోవడం లేదా అని అడుగుతాడు. గడ్డి మీద పడుకునే నువ్వే నాకిష్టం అని చెప్పి, భవనాల మధ్య చలిగాలికి జాగ్రత్త అని కూడా ఆమె చెబుతుంది. నాలుగోసారి, నేను మారిపోయాను, ఇక రాలేనని అతను రాస్తాడు. అప్పుడు ఆమె మొదటిసారి ఒక కానుక అడుగుతుంది: కన్నీళ్ళు తుడుచుకోవడానికి ఒక నూలు చేతిరుమాలు. మూడుసార్లు వద్దన్న మనిషి నాలుగోసారి అడగడం ఆ పాటకు ఆయువుపట్టు. పైగా వరస హుషారుగా, తేలికగా సాగుతుంది; మాట పట్టించుకోనివాళ్ళు అది సంతోషం పాట అనుకుంటారు. అతను చెడ్డవాడని పాట ఎక్కడా అనదు. నగరం రోజులు అతనికి బాగున్నాయి, అంతే.

బడి గేటు దగ్గర జరిగే ప్రేమ వీడ్కోలు పాటలకు ఉచ్చదశ 1980లు. వీటిలో ఒక ఆచారం తరచు కనిపిస్తుంది. అబ్బాయిలు వేసుకునే నిలువు కాలరు నల్లకోటుకు ఇత్తడి గుండీలుంటాయి; రెండో గుండీ గుండెకు దగ్గరగా ఉండేది గనుక, పట్టాల సభ అయిపోయాక అమ్మాయి తనకు నచ్చినవాడి దగ్గర దాన్ని అడిగి తీసుకుంటుంది. పైకి చెప్పని ప్రేమకు అదొక్కటే సాక్ష్యం.

1983 జనవరిలో కషివబర యోషియె పాడిన హరు నా నో ని, అంటే వసంతమే గదా, అయినా, అనే పాటలో ఈ గుండీ ఉంది. మాటలూ వరసా నకాజిమా మియుకివి. ఆమె జపాను పాటల రచయిత్రుల్లో మొదటి వరసలో నిలిచే మనిషి. ఇందాక నేను, ఈ పాటల్లో విడదీసేది కాలమే గనుక ఎవరి మీదా నింద ఉండదని చెప్పాను. నకాజిమా ఆ ఏర్పాటునే ప్రశ్నించింది. ఇక కలవలేం కదా అంటూ అబ్బాయి కుడిచేయి చాస్తాడు, కరచాలనానికి. అమ్మాయి లోపల ఒకే ప్రశ్న: బడి అయిపోవడం ఒక్కటేనా కారణం? ఒకే ఊళ్ళో ఉండే ఇద్దరికి, కలవాలంటే కలవగల ఇద్దరికి, మార్చి నెల ఒక మర్యాదైన సాకుగా ఉపయోగపడగలదు. వద్దు అని చెప్పలేనివాడు వసంతాన్ని అడ్డం పెట్టుకుంటాడు. కాలానిదే తప్పు అనే ఓదార్పు ఎంత పలుచనిదో నకాజిమా ఆ ఒక్క ప్రశ్నతో చూపిస్తుంది. అంతటితో ఆగదు. జ్ఞాపకంగా ఒక గుండీ ఇవ్వమని అడిగిన అమ్మాయి, దాన్ని దాచుకుంటానని అనదు, నీలాకాశంలోకి విసిరేస్తానంటుంది. ఆచారం అదే, అర్థం తలకిందులైంది. వసంత గీతాలన్నిటిలో ఆగ్రహానికి అతి దగ్గరగా వచ్చిన చోటు ఇదేనని నా అభిప్రాయం. అది కూడా ఎంత మృదువుగా వచ్చిందో గమనించండి.

రెండేళ్ళకు, 1985 తొలి నెలల్లో, సోత్సుగ్యో అంటే పట్టా పుచ్చుకుని బడి దాటడం అనే ఒకే పేరుతో వేర్వేరు గాయకుల పాటలు వరసగా వచ్చాయి. ఒజాకి యుతకది తిరుగుబాటు పాట, రాత్రిపూట బడి కిటికీ అద్దాలు పగలగొట్టిన కుర్రవాడిది. కికుచి మొమొకొది తేటైన జ్ఞాపకాల పాట. మూడోది సాయితో యుకి మొదటి రికార్డు. రాసినవాడు మత్సుమొతో, వరస త్సుత్సుమి. పదేళ్ళ కింద నూలు చేతిరుమాలు చేసిన ఆ జంటే. ఇందులో అబ్బాయి కోటు గుండీల కోసం కింది తరగతి అమ్మాయిలు ఎగబడుతుంటే అతను తల గోక్కుంటూ పరుగెత్తుతాడు, లోపల సంతోషమే అయినా. మధ్యాహ్నం ఎవరూ లేని తరగతి గదిలో బల్ల మీద పేరు పొడి అక్షరాలు చెక్కుతాడు. వద్దు, మనసులోనే చెక్కుకో అని ఆమె అంటుంది. దూరమైనా ఫోన్ చేస్తానని చిటికెన వేలు చాచి ఒట్టు పెడతాడు. నిలుపుకోలేని మాట ఇవ్వకపోవడమే మేలు, ఏమనుకోకు అని ఆమె అంటుంది. తోక్యోలో మారిపోబోయే అతని రేపటిని తన యూనిఫారం పలుచటి రుమాలుతో కట్టి ఉంచలేనని ఆమెకు తెలుసు. సభలో ఏడవకపోతే రాతిగుండె మనిషి అంటారేమో. అయినా ఇంతకంటే దుఃఖం కలిగే క్షణం కోసం కన్నీళ్ళు దాచుకుంటానంటుంది.

ఈ రెండు పాటలనూ పక్కపక్కన పెట్టి వినండి. 1975 నాటి అమ్మాయి నాలుగు ఉత్తరాలయ్యాక తెలుసుకున్నదాన్ని, 1985 నాటి అమ్మాయి రైలు కదలకముందే తెలుసుకుని ఉంది. మొదటి పాట విని పెరిగిన తరం రెండో పాటలో నిలబడి ఉంది. అందుకే ఆమె ఒట్టు వేయించుకోదు, తిరిగి రమ్మని అడగదు. ఒకే రచయిత తన పాత్రకు పదేళ్ళ తరువాత ఈ తెలివిని ఇవ్వడం నాకు ఆశ్చర్యంగానూ, కొంత బాధగానూ ఉంటుంది.

వీడ్కోలు పాటలు గాయకుల సొంత వీడ్కోలు కూడా కావడం ఒకసారి జరిగింది. క్యాండీస్ అనే ముగ్గురమ్మాయిల బృందం మామూలు అమ్మాయిలుగా బతకాలని ఉందంటూ పాటలు మానేస్తున్నట్టు ప్రకటించి, 1978 ఏప్రిల్ 4న తోక్యో కొరకుఎన్ స్టేడియంలో ఆఖరి కచేరీ చేసింది. దానికి కొంచెం ముందు ఫిబ్రవరిలో వచ్చిన పాట హొహొఎమి గఎషి. ఒక జంట విడిపోతూ ఇల్లు ఖాళీ చేస్తుంటుంది. బల్లా పుస్తకాల బీరువా బయటికి తీసుకుపోయాక, అవి నిలిచిన మేరకు తతమి చాప రంగు ఇంకా లేతగా ఉంటుంది. కలిసి బతికిన కాలానికి అదొక కొలత. మాటల మధ్యలో బృందం పాత పాటల పేర్లను ఒక్కొక్కటిగా పొదిగారు, అందుచేత అభిమానులకు అది జంట వీడ్కోలుగానూ బృందం వీడ్కోలుగానూ వినపడింది. బృందం జీవితమంతటిలో రికార్డుల అమ్మకాల పట్టికలో మొదటి స్థానానికి చేరిన పాట ఇదొక్కటే.

2000 తరువాత చెర్రీ పూల పేరుతోనే పాటలు వరదలా వచ్చాయి. మొరియమ నఒతరొ 2003లో కేవలం పియానో తోడుగా పాడిన సకుర మంచి పాట, మిత్రులకు వీడ్కోలు. 2005లో కెత్సుమెయిషి, అదే ఏడు చివర కొబుకురొ, 2006లో ఇకిమొనొ గకరి తొలి రికార్డు, అన్నీ ఆ పేరే. వీటిలో కొన్నింటిని వరసగా వింటే పువ్వు పనంతా తానే చేసి పెడుతుందని, మనుషులు పలుచబడ్డారని నాకు అనిపిస్తుంది. ఇకిమొనొ గకరి పాటలో మాత్రం ఒక నిజమైన రైలుమార్గం, వాళ్ళ ఊళ్ళ మీదుగా పోయే ఒదక్యు లైను, పేరుతో సహా ఉంది; ఆ రైలు కిటికీలో ఈ ఏడు కూడా పూలు కనబడుతున్నాయనగానే పాటకు ఒక చిరునామా వస్తుంది. 2000 ఏప్రిల్‌లో ఫుకుయామా మసహరు పాడిన సకురజక కూడా అలాంటిదే. తోక్యో ఒతా వార్డులో నుమబె స్టేషన్‌కు దగ్గరగా ఉన్న ఒక చిన్న ఏటవాలు రోడ్డు పేరు అది. విడిపోయిన మనిషిని ఇంకా ప్రేమిస్తూనే, నువ్వు ఎప్పటికీ సుఖంగా ఉండాలని గాలితో చెప్పే పాట. ఇరవై లక్షలకు పైగా ప్రతులు అమ్ముడయ్యాయి, మామూలు వీధికి జనం పూల కాలంలో వెతుక్కుంటూ రావడం మొదలైంది.

మొదట్లో నేనన్న మాటకు, అంటే ప్రేమపాటా బడి పాటా కలిసిపోతాయన్న మాటకు, బలమైన సాక్ష్యాలు రెండున్నాయి. 1979లో ఒక బడి నేపథ్యపు టీవీ ధారావాహికకు శీర్షిక గీతంగా కైఎన్‌తై బృందం పాడిన ఒకురు కొతొబా, వీడ్కోలు మాట, దశాబ్దాలుగా పట్టాల సభల్లో పాడుతున్నారు. రాసినవాడు ఆ ధారావాహికలో ఉపాధ్యాయుడిగా నటించిన తకెదా తెత్సుయా. అది తాను ప్రేమలో తిరస్కారం పొందిన అనుభవం నుంచి రాసినదని అతనే చెప్పాడు. ఆ సంగతి తెలిశాక చివరి చరణంలో, నాకంటే లోతుగా నిన్ను ప్రేమించినవారు లేరు అన్న వాక్యాన్ని పదిహేనేళ్ళ పిల్లలు వరసల్లో నిలబడి పాడడం వింటే ఒళ్ళు జలదరిస్తుంది. రెండోది 2004లో రెమిఒరొమెన్ బృందం విడుదల చేసిన మార్చి 9 అనే పాట. అది స్నేహితుల పెళ్ళి కోసం రాసినది. మరుసటి ఏడు ఒక టీవీ కథలో పిల్లలంతా కలిసి పాడే పాటగా వాడారు. పేరులో మార్చి ఉండడం కూడా తోడై బడుల్లో స్థిరపడిపోయింది. పెళ్ళి పాటను వీడ్కోలు పాటగా మార్చుకున్నది శ్రోతలే. ఆ నెలలో దేశానికి పాట అవసరం అంత పెద్దది. దగ్గరలో ఏది దొరికితే దాన్ని తీసుకుని తమదిగా చేసుకుంటారు. 2020 వసంతంలో మహమ్మారి వల్ల బడులు అర్ధంతరంగా మూసి, సభలు కుదించినప్పుడు, కలిసి పాడడానికి వీల్లేకపోవడం పిల్లలకు ఎంత లోటో దీన్ని బట్టి ఊహించవచ్చు.

ఇప్పుడు నూలు చేతిరుమాలు, ఆ వెంటనే సాయితో యుకి పాట వినిపిస్తాను. భాష తెలియకపోయినా ఒక తేడా మీ చెవికి అందుతుంది. మొదటి పాటలో అబ్బాయి మాటలూ అమ్మాయి మాటలూ ఒకే గాయని, గొంతు మార్చకుండా పాడుతుంది. ప్రతి చరణంలోనూ సగం దాటాక వరస పైకి లేస్తుంది, అక్కడి నుంచి అమ్మాయి జవాబు. రెండో పాటలో అబ్బాయికి సొంతంగా చరణం లేదు; అతను చేసేవీ అనేవీ అన్నీ ఆమె చెప్పగానే మనకు తెలుస్తాయి. రెండూ అయ్యాక మీ ప్రశ్నలు తీసుకుంటాను.